పాత కారుకు పరువు, పాత బండికి బరువు

శ్రీమంతుని షెడ్డులో పాత కారుంటే అది వారసత్వమట. కూలోని వాకిట్ల పాత బండి ఉంటే అది కాలుష్యమట. ఇదీ మన పాలకుల న్యాయం!

కేంద్ర ప్రభుత్వం 2021లో వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన కార్లకు 'వీఏ' నంబరిచ్చి కాపాడుతున్నది. మొదటి రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తర్వాత రెన్యువల్‌కు 5,000. బ్రిటన్‌లోనైతే 40 ఏళ్లు దాటిన కార్లకు రోడ్డు పన్నే లేదు.

మరి పేదోని బండి సంగతేమిటి? 15 ఏళ్లు దాటిన మోటారు సైకిల్ రెన్యువల్‌కు ఒకప్పుడు 300 ఉండేది. 2022 ఏప్రిల్‌లో 1,000 చేశారు. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటితే 2,000 అన్నారు. అంతే పాతబడ్డ మామూలు కారుకు 10,000! షోకు కారు కట్టేదానికి ఇది రెట్టింపు.

వింటేజ్ కారు రోజూ తిరగదు, రోడ్డు అరగదు అంటారు. నిజమే. కానీ మనోళ్లు సరదాకు తిరుగుతున్నరా? బోయినపల్లి మండలంలో కొదురుపాక, వరదవెల్లి వంటి ఊళ్లు మిడ్ మానేరులో మునిగాయి. భూమి పోయినోడు పని కోసం వేములవాడకో, కరీంనగర్‌కో పోవాలె. సెకండ్ హ్యాండ్ బండే వానికి కాళ్లు. కొత్తది కొనే తాహతు లేకనే పాతది నడుపుతున్నడు.

పాత కార్లను దాచుకోవద్దని మేమనం. సరదాకు రాయితీ, అవసరానికి జరిమానా ఏం నీతి అనే అడుగుతున్నాం. షోకు కార్ల రుసుం పెంచాలి. కూలీల బండ్లకు మళ్లీ 300 చేయాలి. కూలీ సంఘాలు ఈ మాట ఢిల్లీకి వినపడేలా అడగాలి.