మన ఊరిలో చూడదగినదేమున్నది?

గత సెలవులలో దూరమునుండి వచ్చిన పెద్దలొకరు మన విద్యార్థులలో నొకనిని జూచి, "నాయనా, మీ ఊరిలో చూడదగినవేమున్నవి?" అని యడిగిరి. బాలుడు కొంతసేపాలోచించి, "ఏమియు లేవండి. సినిమాశాలలున్నవి, చేపల పులుసు బాగుండును" అని బదులు చెప్పెను. విన్నవారందరు నవ్విరి. నేనును నవ్వితిని. కాని యింటికి వచ్చిన పిమ్మట ఆ మాట నన్ను విడువలేదు. లోపము బాలునిది కాదు, ఊరిని వానికి చూపని పెద్దలమైన మనదే యని తోచినది.

పెన్నానది కర్ణాటకమునందలి నందికొండలలో బుట్టి, సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి, మన నెల్లూరిని దాటిన పిమ్మట సముద్రమున గలియుచున్నది. ఈ నదియొడ్డుననే రంగనాయకులస్వామి గాలిగోపురము నిలిచియున్నది. 13వ శతాబ్దమున మనుమసిద్ధి రాజునకు మంత్రియైన తిక్కన సోమయాజి నివసించినది యీ పట్టణముననే. ఆయన విరాటపర్వము మొదలుకొని 15 పర్వములు తెనిగించి, వానిని హరిహరనాథునకు అంకితమిచ్చెను. శైవులును వైష్ణవులును కలహించుకొనుచున్న దినములలో హరియు హరుడును ఒక్కడేయని చెప్పిన గ్రంథము మన ఊరిలో బుట్టినదన్నమాట. దీనికంటె చూడదగిన వింత వేరొకటి కావలెనా?

స్వర్ణాల చెరువునొద్దకు బోయి చూడుడు. అచ్చట పన్నిద్దరు అమరవీరుల సమాధులుగల బారాషహీద్ దర్గా కలదు. మొహర్రము దినములలో జరుగు రొట్టెల పండుగకు వేలకొలది జనులు వచ్చి చెరువునీట నిలుతురు. కోరిక తీరినవారు రొట్టె నిత్తురు. కోరికగలవారు దానిని గైకొందురు. తమ కోరిక తీరినయెడల మరుసటి యేడు వారే వచ్చి మరియొకరికి ఇత్తురు. ఆరోగ్యమునకొక రొట్టె, వివాహమునకొక రొట్టె, చదువునకొక రొట్టె కలవు. ఇచ్చువారు హిందువులా, పుచ్చుకొనువారు ముసల్మానులా యని ఎవరును అడుగరు. మన మతము వేరైనను, పొందిన మేలును మరియొకరికి పంచవలెనను పాఠము మనకును తెలిసినదే కదా!

మన మిషను చరిత్రయు ఈ ఊరితో పెనవేసికొన్నదే. 1840వ సంవత్సరమున శామ్యూల్ డే దొరగారు నెల్లూరు వచ్చి పని యారంభించిరి. ఫలము స్వల్పముగా నుండుటచే, ఈ మిషనును విడిచిపెట్టుదమాయని 1853వ సంవత్సరమున అమెరికాలో పెద్దలు తర్కించుకొనిరి. అప్పుడు శామ్యూల్ స్మిత్ అను బోధకుడు 'ఒంటరి నక్షత్రము' అను పద్యమును వ్రాసెను. మిషను నిలిచినది. పటముపై ఒంటరి చుక్కవలె నున్న ఊరిని విడువవద్దని దూరదేశస్థులు పట్టుబట్టిరి. ఊరివారమైన మనము మాత్రము ఇచ్చట ఏమియు లేదందుమా?

నది వెంట తూర్పుగా బోయినచో పల్లిపాడు కలదు. దిగుమర్తి హనుమంతరావుగారును చతుర్వేదుల కృష్ణయ్యగారును అచ్చట పెన్నయొడ్డున స్థాపించిన ఆశ్రమమును 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు ప్రారంభించెను. కవి, సాధువు, బోధకుడు, దేశభక్తుడు — అందరును ఈ నీటిచెంతనే తమ పనికి చోటు చూచుకొనిరి.

ఇట్టి నదికి మనము చేయుచున్న సత్కారమెట్టిది? ఇండ్ల మురుగును చెత్తయు నదివైపునకు త్రోయుచున్నాము. పండుగనాడు మ్రొక్కిన నీటిలోనే మరునాడు ప్లాస్టిక్ సంచులు విసరుచున్నాము. ఇసుకను అదుపులేక త్రవ్వుకొనుచున్నాము. నదికి వీపుచూపి ఇండ్లు కట్టుకొని, పిల్లలకు ఆటస్థలము లేదని దుఃఖించుచున్నాము. నేలపట్టు పక్షులను, మైపాడు సముద్రతీరమును చూడబోవు యాత్రికులు మన పట్టణమును దారిలోని భోజనశాలగా మాత్రమే ఎరిగియుండుటలో ఆశ్చర్యమేమి?

ఏటియొడ్డున పెద్ద పెద్ద వినోదశాలలు కట్టింపవలెనని కొందరందురు. నేను సమ్మతింపను. 2021 నవంబరున వచ్చిన వరద పడుగుపాడునొద్ద రైలుమార్గమునే కోసివేసినది. నది తన చోటును మరువదు. మనము ఆక్రమించినను అది తిరిగి తీసికొనును. కావున ఒడ్డున కావలసినవి మేడలు కావు. చెట్లు, మెట్లు, నడకదారి. మరికొందరు, పేదలకు అన్నము ముందుగాని విహారము గాదందురు. ఈ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. అయినను ఒక్కటి యోచింపుడు: ధనవంతుడు సెలవు దినమున కొడైకెనాలుకైనను పోగలడు. రోజుకూలి చేసికొను తల్లి తన బిడ్డలను ఎచ్చటికి దీసికొనిపోవును? రుసుము లేని విహారస్థలము ఆమెకు నదియొడ్డొక్కటియే. దానిని పాడుచేయుట పేదవాని సొత్తును హరించుటయే.

19వ శతాబ్దమునాటి ఆనకట్టకు బదులుగా కట్టిన నూతన బ్యారేజి 2022 సెప్టెంబరు 6వ తేదీన ప్రారంభమైనది. పట్టణముచెంత నీరు నిలుచుటకు వీలు కలిగినది. ఈ సమయముననే కొన్ని చిన్నపనులు చేయవలెను. శుద్ధి చేయని మురుగును నదిలో విడువరాదు. చూడదగిన ప్రతి స్థలమునను తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ భాషలలో అచ్చటి చరిత్రను వ్రాసిన పలక నాటవలెను. త్రాగునీరును, స్త్రీలకును వృద్ధులకును తగిన మరుగుదొడ్లును ఉండవలెను. పురపాలకులు చేయవలసినవి వారు చేయుదురుగాక; మనము చేయదగినది మనచేతనే యున్నది. ప్రతి తరగతియు ఏడాదికొక దినము ఉపాధ్యాయునితో కూడ ఒక్కొక్క స్థలమునకు నడచిపోయి, చూచినదానిని తమ మాటలలో వ్రాసి, వచ్చునప్పుడు ఒక గోనెసంచి నిండ చెత్తనెత్తి తీసికొనిరావలెను. పెద్దల యుపన్యాసములకంటె ఆ గోనెసంచి ఎక్కువ నేర్పును.

తలిదండ్రులారా, వచ్చు ఆదివారము సాయంకాలము ఆరాధనయైన పిమ్మట మీ బిడ్డల చేయి పట్టుకొని పెన్నయొడ్డునకు పొండు. విద్యార్థులారా, మరియొకసారి ఎవరైన "మీ ఊరిలో చూడదగినదేమున్నది?" అని యడిగినచో నోటితో చెప్పకుడు. "రండి, చూపెదను" అని లేచి నడువుడు. అట్లు నడుచుటకు సిగ్గుపడనక్కరలేని తీరమును మనకు మనమే సిద్ధపరచుకొందుము గాక. అందుకు దేవుడు మనకు తోడైయుండును గాక.