మృదంగమునకు నిలువనీడ

కచేరీ ముగిసి ఇంటిదారి పట్టిన శ్రోతలు గాయకుని గాత్రమును గూర్చి మాటలాడుకొందురు. తోడి రాగాలాపన ఎట్లు సాగినది, ఏ చరణమువద్ద స్వరకల్పన రక్తి కట్టినది, మంగళము ఎంత తొందరగా పాడినాడు అని ముచ్చటించుకొందురు. మృదంగము వాయించినది ఎవరని అడిగినచో, పెక్కుమంది కరపత్రము మరల తీసి చూడవలసినదే. ఆ పేరు అడుగున చిన్న అక్షరములలో నుండును. రెండున్నర గంటలసేపు ఆ గాత్రమును మోసినవాని పేరది.

ప్రతి సంగీతమునకును ఒక పునాది యుండును. పాశ్చాత్యుల మేళములో ఆ పునాదిని మంద్రముగా పలుకు బేస్ వాద్యములు నిలుపును. 1951లో అమెరికాలో లియో ఫెండరు విద్యుత్తుతో పలుకు బేస్ గిటారును విపణికి తెచ్చిన తరువాత ఆ మంద్రనాదము లోకమంతట వ్యాపించినది. మన చలనచిత్ర గీతములలోను చేరినది. మన కచేరీలో ఆ పని మృదంగమునకు ఎడమ మూత చేయును. విద్వాంసులు దానిని తొప్పి యందురు. కుడిచేయి వ్రేళ్లు పలికించు జతులను సామాన్య శ్రోత గుర్తుపట్టును. ఎడమచేతి గుంభన మున్నంతసేపు దానిని పట్టించుకొనడు. అది ఆగిన మరుక్షణము పాట నేలవిడిచినట్లు తోచును.

ఈ వాద్యమును నిలుపుకొనుటయే ఒక సంసారము. పనసమ్రానును తొలిచి చేసిన గుల్లకు ఇరుప్రక్కల తోలుమూతలు వేసి, తోలువార్లతో బిగింతురు. ఆవు, మేక, గేదె అను మూడు పశువుల తోళ్లు ఇందులో చేరును. కుడిమూత నడుమ నల్లని ముద్దను పొరమీద పొరగా పూసి, రాతితో రుద్ది ఆరబెట్టుదురు. ఎడమమూతకు మాత్రము ప్రతి కచేరీకి ముందు బొంబాయిరవ్వను నీటితో కలిపి ముద్దగా అద్దవలెను. కచేరీ కాగానే దానిని గీకివేయవలెను. ఆ ముద్ద ఏ కొంచెము ఎక్కువైనను నాదము మొద్దుబారును; తక్కువైనచో మంద్రము పలుకదు. కృష్ణాతీరపు ఉక్కపోతలో తోలు సాగును, వేసవి వడగాడ్పులో బిగియును. కనుక విద్వాంసుడు గాయకునికంటె ముందుగా వచ్చి, గుండ్రాయి చేతబట్టి, అంచుమీద కొట్టుచు శ్రుతి సరిచూచుకొనవలెను.

ఒక్క మృదంగముతో వృత్తి సాగదు. సాధారణముగా పురుషుల గాత్రమునకు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పలుకు తగ్గుశ్రుతి మృదంగము, స్త్రీల గాత్రమునకు అయిదు, అయిదున్నర శ్రుతిలో పలుకు హెచ్చుశ్రుతి మృదంగము కావలెను. ఏ వేళ ఏది మొరాయించునో తెలియదు కనుక ప్రతిదానికి మరియొకటి సిద్ధముగా నుండవలెను. వాడకమునుబట్టి కొన్ని నెలలకొకసారి మూతలు మార్పింపవలెను. పారితోషికములో కొంత భాగము ఇంటికి చేరకమునుపే ఈ మూతలకు పోవుచున్నదని సభలవారిలో ఎందరికి తెలియును?

ఈ వాద్యము గొప్పతనమును శాస్త్రజ్ఞులును గుర్తించిరి. 1930లో నోబెల్ బహుమానము పొందిన సి.వి. రామన్ అంతకు పూర్వమే, 1920లో, ఒక సహచరునితో కలిసి మన తోలువాద్యములను పరిశోధించి 'నేచర్' పత్రికలో వ్రాసెను. 1934లో ఆ విషయమునే మరింత విపులముగా ప్రకటించెను. మామూలు డప్పుమీద పుట్టు ధ్వనులకు ఒకదానితో నొకదానికి పొంతన యుండదు. అందువలన దానికి నిలకడైన శ్రుతి యుండదు. మృదంగమున నల్లని ముద్ద బరువువలన ఆ ధ్వనులు మూలధ్వనికి రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్లుగా వరుసలో నిలుచును. తంత్రి పలుకు క్రమములోనే తోలును పలుకునన్నమాట. ఈ ముద్దను ఎంత దళసరిగా, ఎంత వెడల్పుగా పూయవలెనో రామన్ కంటె ముందు కనిపెట్టినవారు చదువుకొన్న వారు కారు. తోలుపని చేసికొని బ్రతికిన పనివారు. 2020లో గాయకుడు టి.ఎం. కృష్ణ తంజావూరు ప్రాంతపు మృదంగ శిల్పుల కథను 'సెబాస్టియన్ అండ్ సన్స్' అను ఇంగ్లీషు గ్రంథముగా వెలువరించువరకు వారిని గూర్చి సంగీతలోకము ఇంచుమించు మౌనముగానే యుండెను. తోలును పలికించినవానిని వేదికనెక్కించి, తోలును మలచినవానిని వాకిటనే నిలిపిన సంఘము మనది.

ఇక బ్రతుకుతెరువు మాట. డెల్టాలో మృదంగ విద్వాంసుని పంచాంగము పండుగల పంచాంగమే. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలు, శ్రీరామనవమికి పందిళ్లలో హరికథలు, వినాయకచవితి ఉత్సవములు, ఇంద్రకీలాద్రిమీద శరన్నవరాత్రులు, నడుమ నడుమ కూచిపూడి నృత్యప్రదర్శనలు. ఆ రోజులలో నేడు గుడివాడ, రేపు తెనాలి, మరునాడు బందరు. మృదంగమును ఒడిలో పెట్టుకొని చివరి బస్సులో తిరుగు ప్రయాణము. పండుగ లేని నెలలో ఇంటి అద్దెకు వెదుకులాట. గాయకునకు ఇచ్చు మొత్తమును ముందుగా నిర్ణయించి, మిగిలినదానిని ప్రక్కవాద్యములకు పంచు ఆచారము చాలచోట్ల కలదు. బేరము కుదిరిన తరువాత, కార్యక్రమము దేవునిదని చెప్పి తగ్గించువారును కలరు.

ఈ అనిశ్చితిలో విజయవాడకు ఒక అదృష్టము పట్టినది. 1948 డిసెంబరు 1వ తేదీన ఇచ్చట ఆకాశవాణి కేంద్రము వెలసినది. నిలయ విద్వాంసులను పేరిట ప్రక్కవాద్యకారులకు నెలజీతము లభించినది. జీతము కుదిరినచోట సాధన కుదిరెను. సాధన కుదిరినచోట శిష్యులు చేరిరి. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు నాటిన శిష్యపరంపర ఈ నగరములో అప్పటికే వేరూనియుండెను. ఆయన శిష్యుడగు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాత్రముతోపాటు మృదంగము, కంజీర, వయోలాలను వాయించుటయందును ప్రజ్ఞ గడించి, ఇచ్చటి ప్రభుత్వ సంగీత కళాశాలకు మొదటి ప్రధానాచార్యుడయ్యెను. నేడా కళాశాల ఘంటసాల వేంకటేశ్వరరావు పేరుతో నున్నది. ప్రక్కవాద్యము విలువ నెరిగిన గాయకుడు మొదటి ఆచార్యుడగుట ఆ సంస్థకు శుభశకునమే.

2021లో ఈ నగరమునకు చెందిన ఇద్దరు సంగీతజ్ఞులకు పద్మశ్రీ ప్రకటింపబడెను. ఒకరు పారుపల్లి వారి శిష్యుడు, ఆకాశవాణిలో పనిచేసిన వాయులీన విద్వాంసుడు అన్నవరపు రామస్వామి. రెండవవారు మృదంగ విదుషి నిడుమోలు సుమతి. మృదంగ విద్వాంసుడగు నిడుమోలు రాఘవయ్యకు కుమార్తెయై, మరియొక మృదంగ విద్వాంసుడగు దండమూడి రామమోహనరావుకు అర్ధాంగియై, భర్తతో కలిసి లయవిన్యాస కచేరీలు చేసిన విదుషి ఆమె. మహావిద్వాంసుడైన పాల్ఘాట్ మణి అయ్యరు సైతము చాలకాలము స్త్రీల గాత్రమునకు వాయింపలేదన్న సంగతి జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, ఆమె నడచిన దారి ఎంత కఠినమైనదో బోధపడును. ఆ మణి అయ్యరుకైనను మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము 1966లో గాని రాలేదు. మృదంగ విద్వాంసునకు ఆ గౌరవము దక్కుట అదే ప్రథమము.

గౌరవములు రావలసినవే. కాని బిరుదములు కొందరికే వచ్చును. బియ్యము అందరికిని కావలెను. బిరుదములేని వందలాది లయవిద్వాంసులను నిలుపునది పాఠము చెప్పుకొను వృత్తియే. అదియే నేడు చిక్కులో పడినది.

సత్యనారాయణపురములో ఒక ఇల్లు, పటమటలో మరియొక ఇల్లు, మొగల్రాజపురములో ఇంకొక ఇల్లు తిరిగి విద్వాంసుడు పిల్లలకు పాఠము చెప్పును. మొదటి మూడు నాలుగేండ్లు చేతులు కుదురుకొనుటకే పట్టును. చేయి కుదిరి నాదము పలుకునప్పటికి పిల్లవాడు ఎనిమిదవ తరగతికో తొమ్మిదవ తరగతికో వచ్చును. అప్పుడు ప్రవేశపరీక్షల శిక్షణ ఆరంభమగును, మృదంగము అటకెక్కును. అటకమీది మృదంగము ఊరకుండదు. తోలు ఎండి, వార్లు బిగిసి, ఒకనాడు ఎవరును తాకకుండగనే మూత పగులును.

మరియొక వింత చూడుడు. ఇదే విద్వాంసుడు తెల్లవారుజామున లేచి అమెరికాలోని తెలుగు పిల్లలకు తెరమీద పాఠము చెప్పుచున్నాడు. సముద్రముల కావలి తల్లిదండ్రులకు అక్కరకు వచ్చిన విద్య ప్రక్కవీధివారికి బరువైనది. పోనీ, తెరమీద విద్య సంపూర్ణమా యనిన అదియును కాదు. చేతిఫోనులోని చిన్న స్పీకరు మంద్రనాదమును పలుకలేదు. శిష్యుని ఎడమచేయి సరిగా పడినదో లేదో గురువు ఊహించుకొనవలసినదే.

తాళయంత్రములు రాగా మృదంగమేల అని ప్రశ్నించువారు కలరు. యంత్రము కొలతను తప్పక ఇచ్చును. గాయకుడు భావావేశములో పల్లవిని ఒకింత లాగినప్పుడు యంత్రము తనదారిన తాను పోవును. విద్వాంసుడు ఆగి, విని, వెంటనడచును. ఇతరుని వినుచు తన పని చేయు ఈ అలవాటును పిల్లలకు నేర్పు విద్యలు మన బడులలో ఎన్ని యున్నవి?

చదువుకు అడ్డమను వాదము మరియొకటి. ఒక లెక్క చూతము. ఆదితాళమున ఒక ఆవర్తనమునకు 8 అక్షరములు. అక్షరమునకు నాలుగేసి మాత్రలైనచో మొత్తము 32 మాత్రలు. ఏడు మాత్రల జతిని మూడుమారులు వాయించి, నడుమ రెండుచోట్ల రెండేసి మాత్రలు విరామమిచ్చినచో 25 మాత్రలగును. ముగింపు సరిగా సమమును చేరవలెననిన ఎచ్చట ఎత్తుకొనవలెను? ఏడు మాత్రలు విడిచి ఎనిమిదవదానిపై. పలకమీద ఈ లెక్కకు తడబడు బాలుడు చేతితో తాళము వేయుచు నిమిషములో సాధించును. లెక్కల పంతులుగారికి లయవిద్వాంసుడు పోటీదారు కాడు, తోడుదారు.

చట్టమును ఇందుకు అనుకూలముగానే యున్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టము, ఆరు మొదలు ఎనిమిదవ తరగతివరకు నూరుమందికి మించి పిల్లలున్న బడిలో కళావిద్యకు పార్ట్‌టైము బోధకుడు ఉండవలెనని తన షెడ్యూలులోనే చెప్పినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము కళలకు, శాస్త్రములకు నడుమ గోడలుండరాదన్నది. ఆ కళాబోధకుని స్థానమున కొన్ని బడులలోనైనను లయవిద్వాంసుని కూర్చుండబెట్టినచో, ఆకాశవాణి ఒకప్పుడు కొద్దిమందికి ఇచ్చిన నిలువనీడను బడి పెక్కుమందికి ఈయగలదు. వారమునకు రెండు గంటలు చాలును. మొదట మృదంగములు కొననక్కరలేదు. చేతితో తాళము, నోటితో తకధిమి, వీనికి ఖర్చులేదు. ఆసక్తి చూపిన పిల్లలకు తరువాత రెండు మూడు వాద్యములు బడిలోనే ఉంచవచ్చును. బడిలోని వాద్యము అటకెక్కదు. ఒకరు విడిచినచో మరియొకరు పట్టుకొందురు.

సభలను నడుపువారికి ఒక మాట. ప్రక్కవాద్యకారుల పారితోషికమును ముందుగా చెప్పి, కచేరీనాడే చేతికిచ్చుట ధర్మము. మృదంగమునకు మూత వేసిన పనివానిని ఏడాదికొకమారైన వేదికమీదికి పిలిచి శాలువ కప్పుట అంతకంటె పెద్ద ధర్మము.

ఉపాధ్యాయులారా, జూనులో బడులు తెరచునాటికి మీ ఊరిలోనో, ప్రక్క ఊరిలోనో ఉన్న లయవిద్వాంసుడెవరో విచారింపుడు. హరికథకు వాయించువాడైనను, కూచిపూడి మేళములోనివాడైనను, భజనమందిరములో డోలకు పట్టువాడైనను సరే. ఒక శనివారము మధ్యాహ్నము అతనిని బడికి పిలువుడు. వచ్చినందుకు రూక లిచ్చి పంపుడు. తరువాతి శనివారము మరల పిలువుడు. చట్టములోని అక్షరము బడిలోనికి వచ్చుటకు ఎవరో ఒకరు తలుపు తీయవలెను. విద్యార్థులారా, ఈమారు కచేరీకి పోయినప్పుడు గాయకుని మాత్రమే చూడక, అతని ప్రక్కన కూర్చున్నవాని ఎడమచేతిని ఒక కీర్తన ముగియువరకు గమనింపుడు. పాట ఎవరిమీద నిలిచియున్నదో మీకే తెలియును.