హృదయమేదస్సుపై మోపిన నేరము

గుండెచుట్టు క్రొవ్వు పేరుకొన్నచో అదియే క్రమముగా రక్తనాళములలోనికి దిగి వానిని పూడ్చివేయుననియు, కావున దానిని కరిగించుకొన్నవానికి గుండెపోటు భయము లేదనియు విద్యావంతులు సైతము నిశ్శంకముగా చెప్పుకొనుచున్నారు. వినుటకు ఎంత సుగమమో, విచారించినకొలది అంత నిరాధారమైన మాట యిది.

హృద్ధమనిని ఇఱుకుచేయు పూడిక, రక్తములో సంచరించు ఎల్.డి.ఎల్. కణములు మోసికొనివచ్చు కొలెస్టరాలు ధమని గోడలో చిక్కువడుటవలన పుట్టినదేకాని, పైనున్న మేదస్సు గోడను దాటి లోనికి జాఱినది కాదు. ఆ మేదస్సు బక్కపలుచనివానికిని ఉండనే యుండును. దానికిని గుండె కండరమునకును నడుమ అడ్డుపొర యేదియు లేదు. రెంటికిని నెత్తురందించునవి ఆ హృద్ధమనీశాఖలే. ఇంత సాన్నిహిత్యముండుటచే అది కండరమునకు ఇంధనముగా వసామ్లముల నందించునని శాస్త్రజ్ఞుల తలంపు.

ఆ మేదస్సే ధమనిని చెఱచునను ప్రతిపక్షులకు ఆధారములు లేవని నేననను. బైపాసు శస్త్రచికిత్సకు వచ్చిన రోగుల గుండెపైనుండి తీసిన క్రొవ్వులో, వారి కాలిచర్మము క్రింది క్రొవ్వునందుకంటె శోథకారక ద్రవ్యములు మిక్కుటముగా నున్నవని 2003లో మజూరెక్ ప్రభృతులు ప్రకటించిరి. మంచిదే. కాని వారందఱు అప్పటికే ధమనులు చెడినవారు గదా! మంట మొదట ఏ యింట పుట్టినదో ఆ పరీక్షవలన తేలునా? కండరములో మునిగి, మేదస్సు సోకక సాగు ధమనీభాగమున పూడిక అరుదుగా కానవచ్చుననుట వారి రెండవ యుక్తి. ఆ భాగము మేదస్సునకు దూరమైనట్లే, కండరపు బిగువునకు లోనై వేఱు రక్తప్రవాహగతిని పొందియున్నది. రెండు భేదములున్నచోట ఒక్కదానినే కారణమనుట న్యాయము కాదు.

ఇక పరిమాణము మాట. అమెరికాలోని మీసా అను ధమనీవ్యాధి అధ్యయనపు పరిశోధకులు 2009లో, శరీరస్థూలతను లెక్కలోనికి తీసికొన్న పిమ్మటను, గుండెచుట్టు క్రొవ్వు హెచ్చినవారిలో హృద్ధమనీవ్యాధి హెచ్చుగా కనుగొనిరి. దీనిని త్రోసిపుచ్చరాదు. అయినను వయస్సుతోను, ఉదరాంతర్గత మేదస్సుతోను కూడ పెరుగుచుండునది వ్యాధికి ముందు కనబడినంతమాత్రాన కారణమైపోదు. కుండకు ముందు మన్ను మోసిన గాడిదను మన తార్కికులు అన్యథాసిద్ధమని ఏనాడో త్రోసివేసిరి.

వాదమును తలక్రిందులుచేసినది 2017 నాటి ఆక్స్‌ఫర్డు పరిశోధన. శోథకు లోనైన ధమనియే తన ప్రక్కనున్న మేదఃకణములను పరిపక్వము కానీయదనియు, అందువలన అచ్చటి క్రొవ్వులో వస తగ్గి నీరు హెచ్చుననియు, ఆ మార్పు సి.టి. చిత్రములో కానవచ్చుననియు అది చూపినది. మఱుసటియేడు, ఆ మార్పు తీవ్రముగా నున్నవారిలో హృద్రోగమరణములు హెచ్చని లాన్సెట్ పత్రికలో వెలువడినది. లెక్కకు వచ్చినది క్రొవ్వు మందము కాదు, దాని వికృతి. ఆ వికృతియు కొంతవఱకు ధమని పంపిన వర్తమానమే.

ఎకో పరీక్షలో ఈ మేదస్సును సామాన్యముగా కొలుచునది కుడిజఠరిక ముందుగోడపైన. పూడికలు పుట్టు ముఖ్యధమనులు సాగునది గుండె గాళ్లలో. ఎచ్చటి కొలత, ఎచ్చటి వ్యాధి! ఆ మిల్లీమీటర్లకు హడలి, క్రొవ్వు కరిగించునను చూర్ణమొకటి కొని, కొలెస్టరాలును తగ్గించుటకై వైద్యుడు వ్రాసిన స్టాటిన్ మాత్రను మానినవానికి ధమని గోడలో కొలెస్టరాలు చేరుట ఒక్కనాడైన ఆగదు.