తాపీ ఒక్కటే చాలదు

కాలిఫోర్నియాలో బిల్డింగ్ కాంట్రాక్టరు లైసెన్సు పరీక్షకు వెళ్లిన మేస్త్రీ అక్కడ ఒక్క ఇటుకా పేర్చడు. కంప్యూటరు ముందు కూర్చుని సరైన జవాబు ఎంచుకుంటాడు, అంతే. నాలుగేళ్ల పని అనుభవం ముందే చూపించాలనుకోండి. ఉన్న రెండు పేపర్లలో ఒకటి పనికి సంబంధించింది, రెండోది చట్టం, వ్యాపారం. చేతిపనివాడికి ఈ రెండోది ఎందుకని గొణిగేవాళ్లుంటారు గానీ, అసలు పరీక్ష అదే. గోడ వంకరపోతే పడగొట్టి మళ్లీ కట్టొచ్చు. అడ్వాన్సు పుచ్చుకుని ఫోనెత్తని మనిషిని ఏం చేస్తాం? అక్కడ ఇంటి మరమ్మతు పనికి కాంట్రాక్టరు తీసుకోగల అడ్వాన్సు సాధారణంగా ఒప్పందం మొత్తంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అది. దానికి తోడు పూచీగా 25,000 డాలర్ల బాండు. ఇవన్నీ తెలుసో లేదో తేల్చేది తాపీ కాదు, ఆ రెండో పేపరే.

మన దగ్గర కాంట్రాక్టర్లను క్లాసులుగా విడదీసే రిజిస్ట్రేషన్లు, ఆర్థిక స్తోమత చూపే సాల్వెన్సీ పత్రాలు ఎక్కువగా ప్రభుత్వ పనులు పట్టేవారి గొడవ. వీధి చివర ఇల్లు కట్టే మేస్త్రీకీ, శ్లాబు పడకముందే లక్షలు చేతిలో పెట్టే ఇంటాయనకీ మధ్య ఉన్న దస్తావేజల్లా సిమెంటు మరకలంటిన పాత డైరీ, అందులో బాల్‌పెన్నుతో గీకిన నాలుగు అంకెలు.