నీళ్లలో పడ్డవాళ్లు

పోగో చానల్లో జావేద్ జాఫ్రీ హిందీ వ్యాఖ్యానంతో వచ్చిన ‘తకేషీస్ కాసిల్’ చాలామందికి గుర్తుండే ఉంటుంది. హిందీ సగం అర్థమైనా కాకపోయినా మన పిల్లలు అన్నం కంచాలు ఒళ్లో పెట్టుకుని పడీపడీ నవ్వారు. రాయి మీద కాలు వేసినవాడు బురదలో దబ్బున కూలబడటం ఏ భాషలోనైనా నవ్వే. జపాన్‌లో అది 1986 నుంచి 1990 దాకా నడిచింది. యొకొహామా నగరంలో మిదొరియామా అనే చోట, టీబీఎస్ టీవీ వాళ్ల స్టూడియోలో తీశారు. ఆ ఆవరణే తర్వాత ‘సాసుకే’ అనే మరో టీవీ పోటీకి ఇల్లయింది. ఈసారి పడ్డవాళ్లను చూసి ఎవరికీ నవ్వు రాలేదు.

సాసుకే 1997లో మొదలైంది. కథల్లోని నింజా సరుతొబి సాసుకే పేరు దానికి పెట్టారు. ఒక్కో పోటీకి సుమారు నూరుమంది వస్తారు, నాలుగు అంచెలు దాటాలి. మొదటి అంచెలోనే ముప్పాతిక మందికి పైగా రాలిపోవడం మామూలు. 2020 చివరికి 38 పోటీలు జరిగితే నాలుగంచెలూ దాటినవాళ్లు నలుగురే, అందులో ఇద్దరు రెండేసిసార్లు. ఇంతమంది ఓడిపోయే ఆటను ఇన్నేళ్లుగా జనం ఎందుకు చూస్తున్నట్టు?

మూడో అంచెలో ఒక అడ్డంకి ఉంది. గోడకు బిగించిన అంచు, మూడు సెంటీమీటర్ల వెడల్పు. మన అగ్గిపెట్టె వెడల్పు కూడా లేదన్నమాట. దానికి వేళ్ల కొసలు తగిలించి, కాళ్లకు ఆధారమేమీ లేకుండా పక్కకు పక్కకు జరుగుతూ పోవాలి. మధ్యలో అంచు తెగిపోతుంది, ఊగి అవతలి దాన్ని అందుకోవాలి. ఈ అంచెకు గడియారం లేదు. ఎంతసేపైనా వేలాడవచ్చు, చేతులు ఒప్పుకుంటే. చూస్తున్నవాడి వేళ్లు కూడా తెలియకుండానే కుర్చీ చేతిని పట్టుకుంటాయి.

ఆ వేళ్లు ఎవరివో కూడా చూడాలి. మొట్టమొదట, 1999లో, అన్నీ దాటిన అకియామా కజుహికో పీతలు పట్టే పడవల్లో పనిచేసినవాడు. పుట్టుకతోనే చూపు మందం. 2006లో గెలిచిన నగానో మకోతో చేపల పడవకు కెప్టెన్. అంతకుముందు ఒకసారి చివరి అంచెలోని తాడు పైదాకా ఎక్కి, వెంట్రుకవాసిలో సమయం మించి ఓడాడు. ఆ తర్వాత చెప్పులు, బూట్లు అమ్మే ఉరుషిహారా యూజి, ఆపైన కంప్యూటర్ ఇంజనీరు మొరిమోతో యూసుకే. ఒలింపిక్స్‌లో ఆడినవాళ్లూ ఇక్కడికి వచ్చారు. వాళ్లలోనూ ఎందరో నీళ్లపాలయ్యారు. వల లాగిన చేతులు మాత్రం పట్టు విడవలేదు.

మన రాయలసీమ తిరునాళ్లలో ఉట్లమాను ఎక్కడం చూసినవాళ్లకు ఇదంతా మరీ కొత్తేమీ కాదు. అక్కడ ఎక్కేవాడి మీద కిందున్నవాళ్లు నీళ్లు కొట్టి జారేట్టు చేస్తారు. అదో సరదా. మిదొరియామాలో నీళ్లు కింద ఉంటాయి. గట్టున నిలబడ్డవాళ్లు, అప్పుడే పడి ఒళ్లంతా తడిసినవాళ్లు, తర్వాతి వాడి కోసం గొంతు చించుకుని అరుస్తుంటారు. వాడు దాటితే వీళ్లకు పోయేదేమీ లేదు. ఇంటి నుంచి ఒకణ్ణి గెంటేయడానికి మనచేత ఓట్లు వేయించే కార్యక్రమాలకు అలవాటుపడిన కంటికి ఇది కాస్త వింతగానే ఉంటుంది.

ఇదే ఆట 2009లో అమెరికా వెళ్లి ‘అమెరికన్ నింజా వారియర్’ అయింది. 2014లో డాలస్‌లో అయిదడుగుల కేసీ కాటన్‌జారో వంపు గోడ మీదికి పరుగెత్తి పై అంచు పట్టుకున్నప్పుడు అక్కడి జనం ఊగిపోయారు. అంతవరకూ ఆ గోడ ఎక్కిన ఆడమనిషి ఆ పోటీలో లేదు. మరుసటి ఏడు లాస్‌వేగాస్‌లో ఇద్దరు చివరి అంచెకు చేరారు. 75 అడుగుల తాడు, 30 సెకన్లు. వృత్తిరీత్యా కెమెరామన్ అయిన జెఫ్ బ్రిటన్ ముందు ఎక్కాడు. 29.65 సెకన్లు. తర్వాత ఐజాక్ కాల్డియెరో 26.14లో ఎక్కేశాడు. పది లక్షల డాలర్లూ కాల్డియెరోవే, బ్రిటన్‌కు ఒక్క డాలరూ లేదు. తాడు ఇద్దరూ ఎక్కారు కదా అని అడగాలనిపిస్తుంది. అక్కడి నియమం అది. డబ్బు మూట పైన వేలాడదీసేసరికి గట్టున అరిచేవాళ్లకు కూడా లెక్కలు గుర్తొస్తాయేమో. ఇక 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో ఆధునిక పెంటాథ్లాన్‌లో గుర్రపు స్వారీ పోయి, దాని స్థానంలో ఈ అడ్డంకుల పరుగు వస్తోంది. పతకాలు, జెండాలు, దేశాల పట్టికలు కూడా దాని వెనకే వస్తాయి.

గెలిచినవాళ్లనే కాదు, ఏనాడూ గెలవని యమదా కత్సుమినీ జపాన్ వాళ్లు తలుచుకుంటారు. సాసుకే మూడో పోటీలో ఆయన చివరి తాడు దాకా వెళ్లాడు. పైకి చేరబోతుండగా సమయం అయిపోయింది. చేతికందింది నోటికందలేదు. అక్కణ్ణుంచి అదే లోకమైపోయింది. ఇంటి దగ్గరే అడ్డంకులు కట్టుకుని సాధన చేశాడు. ఆ ధ్యాసలో ఉద్యోగమూ పోయింది. ఏటికేడు తిరిగి వచ్చాడు, ఏటికేడు ముందే పడ్డాడు. ఇదే ఆఖరుసారి అని చెప్పి వెళ్లి, మళ్లీ వచ్చాడు. ఇంట్లోవాళ్లు ఏమనుకునేవారో, ఆ మాట కార్యక్రమం వాళ్లు ఎంత చూపించినా పూర్తిగా తెలియదు.

తర్వాత కుర్రాళ్లను పోగేసి నేర్పడం మొదలుపెట్టాడు. వాళ్లు పరుగు తీస్తుంటే గట్టు వెంబడే తానూ పరుగెత్తుతూ, ఎక్కడ కాలు వేయాలో అరుస్తాడు. వాళ్లలోనూ నీళ్లలో పడ్డవాళ్లే ఎక్కువ. 2022లో, నలభయ్యో పోటీకి, 57 ఏళ్ల వయసులో ఆయనే మళ్లీ వరసలో నిలబడ్డాడు. మొదటి అంచెలోనే ఆగిపోయాడు. గట్టున ఈసారి అరుస్తున్నది ఆ కుర్రాళ్లు.