తుప్పు తోమిన పాపం

మా ఇంటికొచ్చిన స్నేహితులు నా టేబుల్ మీది ఇనప బిళ్ళ చూసి, "ఏ మిషన్‌లో పార్టండీ ఇది?" అని అడుగుతుంటారు. అరచేయంత వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం కూడా ఉండదు. మధ్యలో అలుగు దూరే రంధ్రం, పక్కన చెర్రీ పువ్వు ఆకారంలో చిన్న చిల్లు. జపాను కత్తికి పిడికీ అలుగుకీ మధ్య ఉండే ఈ బిళ్ళని 'త్సుబా' అంటారు.

బంగారం, వెండి తాపిన త్సుబాలు మ్యూజియముల్లో బోలెడు కనిపిస్తాయి. నా పిచ్చి వాటి మీద కాదు. మురొమాచి కాలం (1336-1573) నాటి ఉత్త ఇనప బిళ్ళలంటే నాకిష్టం. వాటిలో పల్చగా, అంచు కాస్త పైకి లేచి ఉన్నవాటిని కవచాలు చేసే కమ్మరులు చేశారని సేకర్తలు చెప్పుకుంటారు. 'కచ్చూషి' అంటే కవచాలు చేసేవాడని అర్థం. తమాషా ఏమిటంటే, వాటి మీద సంతకం ఉండదు! ఆ పేరు తర్వాతి వాళ్ళు తగిలించినదే. నిజంగా కవచాల వాళ్ళే చేశారా అని అనుమానించే పండితులూ ఉన్నారు. పేరు లేనప్పుడు ఇక మిగిలిన సాక్ష్యం ఇనుమే... దాని మీది సుత్తి దెబ్బలు, వందల ఏళ్ళుగా పట్టిన నల్లటి పొర.

ఆ సాక్ష్యాన్నే నేను తోమేశాను.

మొదటిది కొన్న కొత్తలో, దాని మీద ఎర్రటి తుప్పు మచ్చలు చూసి, ఓ శనివారం వంటింటి సింకులో అంట్లు తోమే ఇనప పీచు తీసుకుని అరగంట రుద్దాను. కొత్త గరిటెలా మెరిసింది. గర్వంగా తీసుకెళ్ళి ఓ పెద్దాయనకి చూపించాను. ఆయన నలభై ఏళ్ళుగా ఇవి సేకరిస్తున్నారు. అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతిలో పెట్టి, "కాఫీ తాగుతావా?" అన్నారు. అంతే!

కాఫీ అయ్యాక చెప్పారు. ఎర్ర తుప్పు ఇనుముని తినేస్తుంది, నల్ల పొర కాపాడుతుంది. ఎర్రదాన్ని ఎముక ముక్కతో మెల్లగా గీకాలి. ఆ తర్వాత మెత్తటి నూలు గుడ్డతో రుద్దుతూ ఉండాలి, నెలల తరబడి. మా వృత్తి భాషలో చెప్పాలంటే, ఉన్న ఒక్క లాగ్ ఫైలునీ డిలీట్ చేశాను. బ్యాకప్ లేదు.

అన్నట్టు, 1876లో సైన్యం, పోలీసుల్లాంటి వాళ్ళు తప్ప మిగతావాళ్ళెవరూ కత్తి కట్టుకుని తిరగకూడదని జపాను ప్రభుత్వం నిషేధించింది. ఆ తర్వాతే ఎన్నో త్సుబాలు పడమటి దేశాలకి చేరాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోనూ ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్తే చిల్లుల్లో ఏ ఆకారాలున్నాయో వెతకమనండి, బాగా ఆడతారు.

మా వాడు టీవీ చూస్తూ, పాత సాక్సు తొడుక్కున్న చేత్తో ఆ తోమిన బిళ్ళనే రుద్దుతుంటాడు. రెండేళ్ళయింది. అంచు దగ్గర కాస్త గోధుమరంగు తిరిగినట్టుంది. మా ఆవిడ మాత్రం అది సాక్సు మురికే అంటుంది.