శిక్షణయా? నిరీక్షణయా?

పట్టా పుచ్చుకోవడం ఒక ఎత్తు. పుచ్చుకొన్న పట్టాతో ఏమి చేయాలో నిర్ణయించుకోవడం మరొక ఎత్తు. మొదటిదానికి పాఠ్యగ్రంథాలున్నవి, అధ్యాపకులున్నారు, పరీక్షలున్నవి. రెండవదానికి బంధువుల సలహాలు తప్ప వేరు దిక్కు లేదు. ఆ సలహాలు ఒకదానికొకటి పొసగవన్నది లోకవిదితమే. ఈ సంవత్సరం మన కళాశాలను వీడిపోనున్న విద్యార్థినీ విద్యార్థులు పలువురు “ఇంకొక కోర్సు చేయమంటారా?” అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు నా సమాధానం ఏదో చెప్పేముందు, అరకులోయ నుండి నాకు వచ్చిన ఒక ఉత్తరం సంగతి మనవి చేస్తాను.

ఉత్తరం వ్రాసిన యువకుడు నా పూర్వ విద్యార్థి. డుంబ్రిగుడ ప్రాంతంలోని ఒక కొండగ్రామం అతనిది. ఇంట కువి భాష, సంతలో ఆదివాసీ ఒరియా, బడిలో తెలుగు. వృక్షశాస్త్రంతో బి.ఎస్సీ. చదివి, ఆపై రెండేళ్ళు బి.ఎడ్. చేసి 2019లో ఉత్తీర్ణుడైనాడు. “మాస్టారూ, ఇప్పుడు డి.ఎల్.ఎడ్. అని మరి రెండేళ్ళు చదవమంటున్నారు. మా నాన్న కాఫీతోట చూసుకోమంటున్నాడు. నాకు ఇరవై ఎనిమిది నిండాయి. ఎవరి మాట వినమంటారు?” అని అతని ప్రశ్న.

ఈ ప్రశ్న వెనుక ఉన్న చరిత్ర తెలియనివారికి అది ఒక యువకుని చపలచిత్తంగా తోచవచ్చు. కాదు. షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలలలో ఉపాధ్యాయ ఉద్యోగాలు నూటికి నూరు స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరి 10న ప్రభుత్వం జి.ఓ. 3 వెలువరించింది. అంతకుముందు 1986లో వచ్చిన ఇటువంటి ఉత్తర్వు న్యాయస్థానాలలో నిలువలేదు. జి.ఓ. 3 మాత్రం ఇరవై ఏళ్ళు అమలులో ఉన్నది. ఈ ఇరవై ఏళ్ళలో కొండ మీది ప్రతి చదువుకొన్న కుటుంబానికీ ఒకే దారి కనిపించింది: ఇంటరు, డిగ్రీ, ఉపాధ్యాయ శిక్షణ, మన ఊరి బడి. అప్పుచేసి, మేకలను అమ్మి పిల్లలను ఆ శిక్షణకు పంపిన తల్లిదండ్రులను మనం తప్పుపట్టగలమా? దారి చూపింది ప్రభుత్వమే గదా!

2020 ఏప్రిల్ 22న సర్వోన్నత న్యాయస్థానపు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును కొట్టివేసింది. నూరుశాతం కేటాయింపు రాజ్యాంగ సమ్మతం కాదన్నది తీర్పు సారాంశం. అప్పటికే నియమితులైనవారి ఉద్యోగాలకు మాత్రం భంగం కలగలేదు. తీర్పులోని న్యాయసూక్ష్మాలను విమర్శించే అర్హత నాకు లేదు. కొండలలో నివసించే గిరిజనేతరులు కూడా ఈ దేశ పౌరులే. అయితే ఉద్యోగంలో చేరినవానికి రక్షణ లభించింది, ఆ ఉద్యోగానికై శిక్షణ పొంది గుమ్మంలో నిలుచున్నవానికి ఏమీ లభించలేదు. తీర్పు వచ్చేనాటికి మన యువకుడు బి.ఎడ్. ముగించి ఏడాది అయినది.

అంతటితో అయిపోలేదు. బి.ఎడ్. వారు ప్రాథమిక పాఠశాలలలో సైతం బోధించవచ్చునని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2018లో ప్రకటించింది. 2023 ఆగస్టు 11న సర్వోన్నత న్యాయస్థానం అది చెల్లదన్నది. చిన్నపిల్లలకు చదువు చెప్పే విద్య వేరు, దానికి డి.ఎల్.ఎడ్. శిక్షణే తగినదని భావం. ఆ భావం సమంజసమే. కాని కొండగ్రామంలో ఉండే బడి సాధారణంగా ప్రాథమిక పాఠశాలే! దానితో మన యువకునికి తన ఊరి బడిలో అర్హత పోయింది. ఉన్నత పాఠశాల ఉద్యోగానికి పోటీ పడుదామంటే, రాష్ట్రంలో 2018 డి.ఎస్సీ. తరువాత మళ్ళీ నియామకాలు జరిగింది 2025లోనే. 16,347 ఖాళీలు ప్రకటించారు. వ్రాశాడు. రాలేదు.

ఇట్టి వానితో “మరొక శిక్షణ పొందు నాయనా” అనడం సులభం. ఆ మాటలో, మొదటి శిక్షణ వృథా కావడం అతని స్వయంకృతమన్న ధ్వని ఉన్నది. దానిని నేను అంగీకరించను. పైగా నష్టం అతనిది మాత్రమే కాదు. 2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో మాతృభాషా బోధన ఆరంభించింది. కువి వాటిలో ఒకటి. ఆరేళ్ళ బిడ్డ “అమ్మ, ఆకు, నీరు” అన్న మాటలను తన ఇంటి భాషలో విని, పిమ్మట తెలుగు అక్షరాలకు రావాలన్నది దాని ఆశయం. కువి వచ్చిన ఉపాధ్యాయుడు లేని బడిలో ఆ పుస్తకాలు బీరువాలో ఉంటాయి. మన కళాశాలవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. ఉర్దూ మాధ్యమ బడులలో ఉద్యోగం ఉండి దానికి కేటాయించిన వర్గపు అభ్యర్థి లేక ఖాళీ మిగలడం, మరొకచోట శిక్షణ పొందిన అభ్యర్థి ఉండి ఉద్యోగం లేకపోవడం మనం చూస్తున్నదే.

అయినా ఫిర్యాదు న్యాయమైనదైనంత మాత్రాన కాలం ఆగదు. అందుచేత అతనికి నేను వ్రాసినది ఇది. కొత్త శిక్షణలో చేరేముందు ఒక్కటే విచారించు. ఆ శిక్షణ చివర ఉద్యోగం ఎవరూ ఇవ్వకపోతే నీ చేతిలో ఏమి మిగులుతుంది? ఏమీ మిగలకపోతే అది శిక్షణ కాదు, నిరీక్షణ. రెండేళ్ళు రుసుము చెల్లించి వరుసలో నిలబడడం. డి.ఎల్.ఎడ్. గొప్ప విద్యయే, సందేహం లేదు. ఇరవై ఏళ్ళవానికి నేనే చేరమంటాను. ఇప్పటికే అయిదేళ్ళు చదివి, ఆరేళ్ళు వేచినవానికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మరి కాఫీతోటయా? పట్టభద్రుడు తిరిగి తోటకు పోవడమంటే మన సమాజంలో ఓటమి. ఈ అభిప్రాయం తోటను ఎరుగనివారిది. అరకు కాఫీకి 2018లో పారిస్ నగరంలో బంగారు పతకం లభించింది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో, దానికి మిరియపు తీగ అల్లుకొని పెరిగే ఈ పంటలో ధర అంతా కోత తరువాత చేసే పనిలో ఉన్నది. ఎర్రగా పండిన పండునే కోయాలి, అదేరోజు తొక్క తీయాలి, ఊరబెట్టి కడిగి నిదానంగా ఆరబెట్టాలి. పచ్చికాయ, పండు కలగలిపి దూసి నేలమీద ఎండబోస్తే అదే చెట్టు కాపుకు ధర పడిపోతుంది. దీనికి తోడు 2025 ఆగస్టులో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు బయటపడింది. 1990లో నీలగిరుల గూడలూరులో మన దేశాన ప్రవేశించిన పురుగే ఇది. ఆవగింజకన్న చిన్నది, పండు కొనన రంధ్రం చేసి లోపల గింజను తింటుంది. చెట్టుపై మిగిలినవి, నేల రాలినవి ఏరి మరిగే నీటిలో ముంచాలని అధికారులు చెబుతారు. ఎందుకు ముంచాలో వృద్ధులకు కువిలో చెప్పగల వృక్షశాస్త్ర పట్టభద్రుడు ఆ ఊరిలో ఎందరున్నారు? బి.ఎడ్.లో నేర్చిన బోధన ఇక్కడ పనికిరాదని ఎవరనగలరు?

కాఫీ బోర్డు బెంగళూరులో కాఫీ నాణ్యతా నిర్వహణలో ఏడాది డిప్లొమా నడుపుతున్నది. కొంతకాలం బాలెహొన్నూరు పరిశోధన సంస్థలో నేర్పుతారు. వృక్షశాస్త్రం చదివినవారు దానికి అర్హులు. రుచి చూసి గింజ తరగతి నిర్ణయించే విద్య అది. ఆ విద్య నేర్చినవాడు ఉద్యోగం దొరకకున్నా తన ఊరి పంటకు వ్యాపారి చెప్పే ధర న్యాయమో కాదో చెప్పగలడు.

ఇందులో కష్టాలు లేవనను. బెంగళూరులో ఏడాది బస చిన్న ఖర్చు కాదు. తోటలేని ఇంటి బిడ్డకు నా సలహా వర్తించదు, అతనికేమి చెప్పాలో నాకింకా తోచలేదు. సగం ఎకరం తోటను ముగ్గురు అన్నదమ్ములు పంచుకొనే ఇండ్లూ ఉన్నవి. జీతం నెల మొదటివారంలో వస్తుంది. కాఫీ డబ్బు ఏడాదికొకమారు, అదీ వర్షం, పురుగు, ధర మూడూ కరుణిస్తే.

నెలరోజులకు అతని జాబు వచ్చింది. “కాఫీమొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది మాస్టారూ. డి.ఎస్సీ.కి ఏడేళ్ళు పట్టింది. మా నాన్న ఈ లెక్క చెప్పి నవ్వుతున్నాడు. సాయంత్రాలు మా వీధి అరుగుమీద పదిమంది పిల్లలకు చదువు చెబుతున్నాను, అది మానను” అని వ్రాసి, బెంగళూరు దరఖాస్తుకు నా ప్రశంసాపత్రం కోరినాడు. వ్రాసి పంపాను. డి.ఎల్.ఎడ్. ప్రవేశపరీక్ష మాట అతడు ఎత్తలేదు, నేనూ అడగలేదు.